మళ్ళీ అడగడం అవిశ్వాసమా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ పాఠకుల లేఖల పేజీలో ఈమధ్య ఒక సోదరుడు ప్రార్థన గురించి రాశారు. దేవుణ్ణి ఏ విషయమైనా ఒక్కసారే అడగాలట. అడిగాక స్తోత్రం చెప్పి ఊరుకోవాలట. రెండోసారి అడిగామంటే మొదటిసారి నమ్మలేదని మన నోటితో మనమే ఒప్పుకున్నట్టట. అందుకు మూడు వచనాలు కూడా చూపించారు. ఆయన పేరు నేనిక్కడ ఎత్తను, ఆయన మీద నాకు కోపమూ లేదు. ఇదే మాట వేదికల మీద విన్నాను, యూట్యూబులో విన్నాను, చివరికి ఆస్పత్రి వార్డులో రోగి మంచం పక్కన కూడా విన్నాను. విన్న ప్రతిసారీ ఆ మాట ఎవరికి తగిలిందో కూడా చూశాను. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది. కత్తిరించాల్సి వస్తే నా సొంత సంగతులు కత్తిరించండి, వాక్యాలు మాత్రం ఉంచండి.

నేను రిటైరైన నర్సుని. ఉద్యోగంలో ఎక్కువ కాలం రాత్రి డ్యూటీలే చేశాను. ఇప్పుడు మా సంఘంలో స్త్రీల కూడికకు వచ్చే ప్రార్థన విన్నపాలన్నీ రాసిపెట్టే పుస్తకం నా దగ్గరుంటుంది. తేదీ, పేరు, విన్నపం, ఆ పక్కన ఒక ఖాళీ గడి. జవాబు వచ్చినప్పుడు ఆ గడిలో తేదీ వేస్తాను. కొన్ని గడులు వారం తిరక్కుండానే నిండుతాయి. కొన్ని పుస్తకం అయిపోయినా నిండవు, వాటిని కొత్త పుస్తకంలోకి ఎక్కించాలి. ఎక్కించే ముందు వాళ్ళను అడుగుతాను, "ఇది ఇంకా ఉంచమంటారా?" అని. కొందరు నవ్వుతూ వద్దంటారు. ఆ సంబంధమే తప్పిపోవడం మంచిదైందనో, ఆ ఉద్యోగం మీద ఇప్పుడు ఆశ లేదనో చెబుతారు. దానికి ఇబ్బందేం లేదు.

ఇంకోరకం వాళ్ళుంటారు. కొడుకు ఇల్లు విడిచి వెళ్ళిపోయిన ఒక తల్లి ప్రతి పుస్తకంలోనూ అతని పేరు రాయిస్తూ వచ్చింది. ఎప్పుడడిగినా "ఉంచండక్కా" అనేది, ఇంకో మాట ఉండేది కాదు. ఒక ఆదివారం బయటి నుంచి వచ్చిన బోధకుడొకాయన ఇదే బోధ చేశాడు, ఒకసారి అడుగు, నమ్ము, మళ్ళీ అడగకు అని. కూడిక అయ్యాక ఆమె నా దగ్గరికొచ్చి మెల్లిగా అంది, "మా వాడి పేరు తీసెయ్యండక్కా, ఇన్నిసార్లు అడగడం అవిశ్వాసమంట గదా." నేను తీయలేదు. అంతకాలం ఆమెను మోకాళ్ళ మీద నిలబెట్టినదాన్నే అవిశ్వాసమని ఆమెతో అనిపించిన ఆ బోధ సంగతేమిటో తేల్చుకోవాలని మాత్రం ఆ రోజే అనుకున్నాను.

ఆ సోదరుడు చూపించిన మొదటి వచనం మత్తయి 6:7. అన్యజనుల్లాగా వ్యర్థమైన మాటలు వల్లించవద్దని ప్రభువు అన్నాడు, నిజమే. ఎందుకు వద్దన్నాడో కూడా అక్కడే ఉంది. విస్తరించి మాట్లాడితేనే తమ మనవి వినబడుతుందని వాళ్ళు అనుకుంటారు. అంటే మాటల లెక్కతో దేవుణ్ణి వంచగలమన్న నమ్మకం అది. ఆ వెంటనే ఆయన ఏం నేర్పించాడో చూడండి. "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము." నేడు అన్నాడు. రేపు పొద్దున్న లేచి ఆ మాటే మళ్ళీ అడగక తప్పదు. ఒక్కసారి అడిగితే సరిపోయేదైతే జీవితాంతానికి సరిపడా ఒకేసారి అడిగించేవాడు. అవసరాలు మీరడగక ముందే తండ్రికి తెలుసని చెప్పి కూడా, రోజూ అడగమనే నేర్పించాడు.

రెండోది మార్కు 11:24. అడిగినవాటిని పొందామని నమ్మండి అన్న మాట. ఇది గొప్ప వాగ్దానం, దీని మీద పెన్సిలు గీతలు లేని బైబిలు నేను చూడలేదు. అయితే ఆ వచనంలో నమ్మమని ఉంది, నోరు మూసుకోమని లేదు. ఆ మాట చెప్పిన ప్రభువే కొద్ది రోజుల తర్వాత గెత్సేమనే తోటలో సాగిలపడి, ఈ గిన్నె నా నుంచి తొలగించమని అడిగాడు. లేచి వచ్చి నిద్రపోతున్న శిష్యులను చూసి, తిరిగి వెళ్ళి అదే అడిగాడు. మూడోసారి కూడా "ఆ మాటలే చెప్పుచు" ప్రార్థించాడని మత్తయి 26:44లో స్పష్టంగా ఉంది. ఆ సోదరుడి లెక్క ప్రకారం చూస్తే గెత్సేమనేలో ప్రభువు రెండోసారి మోకరించినప్పుడే అవిశ్వాసంలో పడ్డాడనాలి. అలా అనే ధైర్యం ఎవరికైనా ఉందా? నాకు తెలిసి ఆయనకూ ఉండదు. అంతదూరం ఆలోచించి రాసి ఉండరు.

మూడోది యాకోబు 1:6. సందేహించకుండా విశ్వాసంతో అడగాలి, సందేహించేవాడు గాలికి రేగిపడే సముద్రపు అల లాంటివాడు. దీన్ని తేలిగ్గా దాటెయ్యలేం. కానీ యాకోబు అక్కడ చెబుతున్నది రెండు మనసుల మనిషి గురించి, దేవుడి దగ్గరొక కాలు, ఇంకెక్కడో ఒక కాలు పెట్టుకుని నిలబడినవాడి గురించి. మళ్ళీ మళ్ళీ ఒకే గుమ్మానికి వచ్చేవాడికి ఆ వర్ణన ఎలా సరిపోతుంది? పైగా అదే పత్రిక అయిదో అధ్యాయానికి వచ్చేసరికి ప్రార్థనకు మాదిరిగా యాకోబు ఎవరిని చూపించాడు? ఏలీయాను. ఏలీయా ఎన్నిసార్లు అడిగాడో పాత నిబంధన తెరిస్తే తెలుస్తుంది.

అది 1 రాజులు 18వ అధ్యాయం. ఎంతసేపు చదివినా నాకు తనివి తీరని అధ్యాయం. కర్మెలు కొండ మీద బలిపీఠం ముందు ఏలీయా చేసిన ప్రార్థన మన బైబిల్లో రెండే రెండు వచనాలు. అగ్ని దిగింది. బలినీ, కట్టెలనూ, రాళ్ళనూ, కందకంలోని నీళ్ళనూ కూడా దహించింది. అదే మనిషి, అదే రోజు, అదే కొండ మీద వర్షం కోసం ప్రార్థించాడు. ఈసారి నేలకు వంగి ముఖం మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. సేవకుణ్ణి సముద్రం వైపు చూసి రమ్మన్నాడు. ఏమీ లేదన్నాడు వాడు. మళ్ళీ పొమ్మన్నాడు. అలా ఏడుసార్లు. ఏడోసారికి గానీ మనిషి చెయ్యంత మేఘం కనబడలేదు. అగ్నికి ఒక్కసారి చాలిన విశ్వాసం వర్షం దగ్గర తగ్గిపోయిందందామా? ఇంకో సంగతి ఉంది. వర్షం కురిపిస్తానని దేవుడు ఆ అధ్యాయం మొదటి వచనంలోనే మాటిచ్చేశాడు. మాట చేతిలో ఉండగా కూడా ఏలీయా వంగి అడిగాడు. దానియేలు కూడా అంతే. యెరూషలేము పాడై ఉండాల్సిన కాలం డెబ్బై ఏళ్ళని యిర్మీయా గ్రంథంలో చదివి తెలుసుకున్నాడు. తెలిసింది కదా, ఇక ఎదురుచూద్దాం అనుకోలేదు. గోనెపట్ట కట్టుకుని, బూడిద పోసుకుని, ఉపవాసంతో ప్రార్థన మొదలుపెట్టాడు. వాగ్దానం ఉంటే ఇక అడగనక్కర్లేదని మనవాళ్ళు అంటారు. వాగ్దానం ఉంది కాబట్టే ఆ ఇద్దరూ అడిగారు.

ఇక లూకా సువార్తలోని రెండు ఉపమానాలకు వస్తాను. అర్ధరాత్రి స్నేహితుడి తలుపు తట్టినవాడు 11వ అధ్యాయంలో, అన్యాయస్థుడైన న్యాయాధిపతి దగ్గరికి తిరిగిన విధవరాలు 18వ అధ్యాయంలో. మొదటివాడు మూడు రొట్టెలు అడిగాడు, అది కూడా తన కోసం కాదు, ప్రయాణం చేసి వచ్చిన ఇంకో స్నేహితుడి కోసం. మన ప్రసంగాల్లో ఈ ముక్క ఎందుకో జారిపోతుంది. తన ఆకలికైతే తెల్లవారేదాకా ఆగేవాడేమో. పక్కవాడి ఆకలి అతణ్ణి సిగ్గు విడిచి తలుపు కొట్టేలా చేసింది. మా పుస్తకంలో కూడా సొంత విన్నపాలకంటే కొడుకులవీ, భర్తలవీ, చెల్లెళ్ళవీ ఎక్కువ. జనం ఎక్కువ కాలం పట్టుబట్టి నిలబడేది కూడా వాటి దగ్గరే.

ఆ విధవరాలికి లంచం పెట్టడానికి డబ్బు లేదు, తన తరఫున మాట్లాడే మగదిక్కు ఉన్నట్టూ కనబడదు. ఆ న్యాయాధిపతి దేవుడికి భయపడేవాడు కాదు, మనుషుల్ని లెక్కచేసేవాడూ కాదు. ఆమెకు ఉన్నది నోరొక్కటే. దాంతోనే వాణ్ణి విసిగించింది. ప్రభువు దేవుణ్ణి ఆ న్యాయాధిపతితో పోల్చలేదు. అలాంటివాడే చివరికి న్యాయం తీర్చితే, దివారాత్రులు తనకు మొరపెట్టుకునే తనవారికి దేవుడు తీర్చడా అని అడిగాడు. విసుగుపుట్టించి దేవుడి మనసు మార్చాలని ఈ ఉపమానం నేర్పుతోందనుకునేవాళ్ళు ఆ ప్రశ్న దాకా చదవకుండానే పుస్తకం మూసేస్తారు. ఆ తర్వాత, ఉపమానం ఆఖర్న, ప్రభువు ఇంకో ప్రశ్న వేశాడు. మనుష్యకుమారుడు వచ్చినప్పుడు భూమి మీద విశ్వాసం కనుగొంటాడా అని. ఏ విశ్వాసం? అంతదాకా చెప్పిన కథంతా విసుగులేకుండా అడగడం గురించే కదా. ఆ విధవరాలు చేసినదానినే ప్రభువు విశ్వాసం అన్నాడు. మా పుస్తకంలో కొడుకు పేరు ఉంచమన్న తల్లి చేసిందీ అదే. నేను ఈ ఉత్తరంలో చెప్పదలచుకున్నది ఇంతే, మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే.

వార్డులో రాత్రిపూట బెల్లు నొక్కే రోగుల్ని చాలామందిని చూశాను. ఒక్కోడు పది నిమిషాలకోసారి నొక్కుతాడు. విసుగొస్తుంది, నేనూ మనిషినే. కానీ వీడికి నర్సు మీద నమ్మకం లేదు కాబట్టి నొక్కుతున్నాడని ఏనాడూ అనిపించలేదు. వస్తారన్న నమ్మకం ఉన్నవాడే బెల్లు నొక్కుతాడు. నొప్పితో ఉండి కూడా బెల్లు ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకున్న రోగి దగ్గరికే మేం ముందు పరిగెత్తేవాళ్ళం.

అలాగని ఒక్కసారి అడిగినవాళ్ళ విశ్వాసం తక్కువదని అనను. సువార్తల్లో ఇద్దరి విశ్వాసాన్ని ప్రభువు ప్రత్యేకంగా గొప్పదని మెచ్చుకున్నాడు. ఒకరు కపెర్నహూములోని శతాధిపతి, జబ్బుపడిన తన దాసుడి కోసం వచ్చాడు. మాట మాత్రం సెలవియ్యి చాలు, నువ్వు మా ఇంటికి రానక్కర్లేదన్నాడు. అక్కడితో అయిపోయింది. రెండోది కనాను స్త్రీ. కూతురి కోసం కేకలు వేసింది. ప్రభువు ఒక్కమాట కూడా బదులు చెప్పలేదు. శిష్యులు ఈమెను పంపెయ్యమన్నారు. తర్వాత చెప్పిన మాట ఇంకా కఠినంగా ఉంది, పిల్లల రొట్టె తీసుకుని కుక్కపిల్లలకు వేయడం యుక్తం కాదని. ఎవరైనా అక్కడితో ఇంటిముఖం పట్టేవారు. ఆమె ఆ మాటనే పట్టుకుంది. నిజమే ప్రభువా, కుక్కపిల్లలు కూడా యజమానుల బల్ల మీది నుంచి పడే ముక్కలు తింటాయి కదా అంది. "అమ్మా, నీ విశ్వాసము గొప్పది" అన్నాడు ఆయన. ఇద్దరూ ఇశ్రాయేలీయులు కారు. ఒకరు ఒక్కసారి అడిగారు, ఒకరు గెంటుతున్నా వదల్లేదు. సార్లు లెక్కపెట్టి విశ్వాసాన్ని కొలవబోతే ఈ ఇద్దరిలో ఎవరినో ఒకరిని తీసెయ్యాలి.

బేత్సయిదాలోని గుడ్డివాడి సంగతి కూడా గుర్తుచేస్తాను, మార్కు 8వ అధ్యాయం. ప్రభువు చేతులుంచాక మనుషులు చెట్లలా నడుస్తున్నట్టు కనబడుతున్నారన్నాడు. సగం చూపు. ప్రభువు మళ్ళీ అతని కళ్ళ మీద చేతులుంచాడు, అప్పుడు అంతా తేటగా కనబడింది. ఆ మనిషి మన కాలంలో ఉండి, "ఇంకా సరిగ్గా కనబడట్లేదండీ" అని నిజం చెప్పి ఉంటే, స్వస్థత పోగొట్టుకుంటావు, అలా నోటితో అనకూడదని ఎవరో ఒకరు గద్దించేవారు.

ధైర్యం గురించి కూడా కొంచెం చెప్పాలి. ధైర్యంగా ప్రార్థించడమంటే దేవుడికి ఆజ్ఞలివ్వడమని ఈ మధ్య చాలామంది అనుకుంటున్నారు. మైకు పట్టుకుని, గొంతు పెంచి, ఇప్పుడే ఈ క్షణమే జరగాలని గడువు పెడతారు. అబ్రాహాము ధైర్యం అలాంటిది కాదు. సొదొమ కోసం ఆయన దేవుడితో బేరమే ఆడాడు. యాభైమందితో మొదలుపెట్టి నలభై అయిదు, నలభై, ముప్పై, ఇరవై, చివరికి పదిమంది దాకా దిగాడు. సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయం చెయ్యడా అని మొహం మీదే అడిగాడు. ఇంతకంటే తెగువ ఏముంటుంది? ఆ మాటల మధ్యలోనే నేను ధూళిని, బూడిదను అని తనను గురించి చెప్పుకున్నాడు. ఆ రెండూ ఒకే నోట వచ్చాయి. హెబ్రీ 4:16లో ధైర్యంతో కృపాసనం దగ్గరికి చేరుదామన్న మాట అందరికీ కంఠతా వస్తుంది. దాని ముందు వచనంలో ఆ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో ఉంది. మన బలహీనతల్లో మనతో సహానుభవం ఉన్న ప్రధానయాజకుడు మనకున్నాడు, అందుకు. మన గొంతుకతో దానికి పనిలేదు. హన్నా ప్రార్థించినప్పుడు పెదవులు మాత్రమే కదిలాయి, స్వరం వినబడనే లేదు. ఆమె తాగి ఉందనుకున్నది యాజకుడైన ఏలీ! పక్కవాడి ప్రార్థనను చూసి తీర్పు చెప్పడంలో పెద్ద పెద్దవాళ్ళు కూడా పొరబడతారు.

విశ్వాసం కొంచెమే ఉన్నవాళ్ళ మాటేమిటని అడగొచ్చు. మార్కు 9లో పిల్లవాడి తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అన్నాడు. ఆ సగం సగం మనిషి కొడుకును ప్రభువు బాగుచేశాడు. అపొస్తలుల కార్యాలు 12వ అధ్యాయం చదివితే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. పేతురు చెరసాలలో ఉంటే సంఘమంతా కూడి ఆసక్తితో ప్రార్థిస్తోంది. దేవుడు విడిపించాడు. పేతురు వచ్చి తలుపు తట్టాడు. రొదే అనే చిన్నది సంతోషంలో తలుపు తియ్యడం కూడా మరిచి లోపలికి పరిగెత్తి చెబితే, ప్రార్థిస్తున్నవాళ్ళే నీకు పిచ్చి అన్నారు. మన కొలబద్దలతో చూస్తే ఆ ప్రార్థన ఎందుకూ పనికిరానిది. పేతురేమో వీధిలో నిలబడి తట్టుతూనే ఉన్నాడు.

సంఘ చరిత్రలో ఈ విషయంలో నాకు దగ్గరైన మనిషి మోనికా, తర్వాతి కాలంలో సంఘానికి గొప్ప బోధకుడైన అగస్టీను తల్లి. ఉత్తర ఆఫ్రికావాళ్ళు. కొడుకు చురుకైనవాడు, తల్లి విశ్వాసాన్ని వదిలి, మానీ అనేవాడి బోధను అనుసరించే మానికీయుల మతంలో చేరాడు. ఆమె ఏళ్ళ తరబడి ఏడ్చి ప్రార్థించింది. ఒక బిషప్పు దగ్గరికి వెళ్ళి తన కొడుకుతో మాట్లాడమని ప్రాధేయపడింది. ఇప్పుడు చెప్పినా వినడు, అతని కోసం ప్రార్థించు, చదువుతూ పోతే తానే తెలుసుకుంటాడన్నాడు ఆయన. ఆమె వదల్లేదు. చివరికి ఆయనకు విసుగొచ్చి, వెళ్ళమ్మా, ఇంత కన్నీళ్ళ బిడ్డ నశించడం అసాధ్యం అన్నాడు. ఆ మాట ఇప్పుడు అందరూ చెప్పుకుంటారు గానీ, అది విసుగులో పుట్టిన మాటని అగస్టీను తన ఒప్పుకోళ్ళ గ్రంథంలో దాచకుండా రాశాడు.

అసలు సంగతి తర్వాత ఉంది. 383లో అగస్టీను రోముకు ఓడెక్కాలనుకున్నాడు. వెళ్ళనివ్వద్దని మోనికా దేవుణ్ణి వేడుకుంది, కొడుకును పట్టుకుని కార్తేజి తీరం దాకా వచ్చింది. స్నేహితుణ్ణి సాగనంపడానికి వచ్చానని కొడుకు అబద్ధం చెప్పాడు. ఆమెను హతసాక్షి సిప్రియను పేరిట ఉన్న మందిరంలో ఆ రాత్రి గడపమని ఒప్పించి, ఆమె అక్కడ ప్రార్థిస్తుండగానే ఓడెక్కి వెళ్ళిపోయాడు. తెల్లవారి ఒడ్డున ఆ తల్లి ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి. అడిగిన ప్రార్థనకు సరిగ్గా ఎదురు జరిగింది. ఆ రోమే అతణ్ణి మిలానుకు చేర్చింది. మిలానులో అక్కడి బిషప్పు అంబ్రోసు బోధ విన్నాడు. 386లో మారుమనసు, 387 ఈస్టరుకు అంబ్రోసు చేతుల మీదుగా బాప్తిస్మం. ఆ రోజు ఆమె అడిగింది దేవుడు ఇవ్వలేదు, ఎప్పుడూ అడుగుతూ వచ్చినదాన్ని ఇవ్వడం కోసమే ఇవ్వలేదని అగస్టీను తర్వాత అర్థం చేసుకున్నాడు. మోనికా కూడా మిలాను చేరుకుంది, కొడుకు మార్పును కళ్ళారా చూసింది. అదే ఏడు రోము దగ్గరి రేవు ఓస్తియాలో, 56వ ఏట, కన్నుమూసింది. ఓడ కదిలిన మర్నాడు ఆమె ప్రార్థన మానేసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు, అలాంటి లెక్కలు వెయ్యడం నాకు నచ్చదు కూడా. మానలేదన్నది మాత్రం తెలుసు.

జార్జి ముల్లర్ పేరు వినని విశ్వాసి ఉండడు. అయితే మన బోధకులు ఆయన్ను డబ్బు అద్భుతాలకే వాడుకుంటారు. ఇంగ్లండులోని బ్రిస్టలులో ఆయన 1849 నుంచి 1870 లోపు అయిదు అనాథాశ్రమ భవనాలు కట్టించి, రెండు వేలమందికి పైగా పిల్లలకు చోటు చేశాడు. మనుషుల్ని డబ్బు అడక్కుండా దేవుణ్ణే అడిగాడు, జమాఖర్చులు మాత్రం ఏటేటా అచ్చువేసి అందరి ముందూ పెట్టాడు. ఈ రెండో ముక్క చెప్పేవాళ్ళు తక్కువ. 1844 నవంబరులో ఆయన అయిదుగురి రక్షణ కోసం ప్రార్థన మొదలుపెట్టాడు. మొదటివాడు మారడానికి ఏడాదిన్నర పట్టింది, రెండోవాడికి అయిదేళ్ళు, మూడోవాడికి ఆ పైన. మిగతా ఇద్దరి కోసం దశాబ్దాలు దాటినా అడుగుతూనే ఉన్నాడు. అడిగిన వెంటనే పిల్లల కోసం రొట్టెలు, పాలు బల్ల మీదికి చేరిన పొద్దులూ ఆయనవే, జవాబు లేని ఈ ఏళ్ళూ ఆయనవే.

ఇంతకీ అడగడం ఎప్పుడు ఆపాలి? ఆపకూడదని నేనెక్కడా అనలేదు. పౌలు తన శరీరంలోని ముల్లు తొలగించమని మూడుసార్లు వేడుకుని ఆపాడు, ఎందుకంటే జవాబొచ్చింది, "నా కృప నీకు చాలును" అని. మోషే కనాను చూస్తానని బతిమాలితే, చాలు, ఇక ఈ సంగతి నాతో ఎత్తవద్దని దేవుడే చెప్పాడు. దావీదు బిడ్డ కోసం ఉపవాసముండి నేల మీద పడుకున్నాడు, బిడ్డ చనిపోయాక లేచి స్నానం చేసి మందిరానికి వెళ్ళి మొక్కాడు. ఈ ముగ్గురినీ ఆపింది దేవుడి మాటో, దేవుడు చేసిన పనో. పక్క బెంచీలో కూర్చున్నవాడు కాదు. కాదన్న జవాబు కూడా జవాబే, మా పుస్తకంలో దానికీ తేదీ వేస్తాను. నా భర్త పేరు ఎదురుగా అలాంటి తేదీ ఒకటి ఉంది. ఆయన బాగుపడాలని చివరిదాకా అడిగాను, బాగుపడలేదు. ఆ అడగడం వృథా అని నాకెప్పుడూ అనిపించలేదు. ఆ రాత్రుల్లో నేను ఒంటరిగా లేను. దీనికి రుజువు అడిగితే నా దగ్గర లేదు.

నర్సుగా ఇంకొక్కటి చెప్పకపోతే తప్పవుతుంది. ఒకసారి అడిగి పొందామని నమ్మాలనే బోధకు ఒక తోక ఉంది. పొందాం కదా, ఇక మందులెందుకు అని. ఇన్సులిన్ మీద బతుకుతున్న పిల్లవాడికి "స్వస్థత వచ్చేసింది" అని సూదులు ఆపేస్తే, కొద్ది రోజుల్లోనే రక్తం ఆమ్లంగా మారి ప్రాణం మీదికి వస్తుంది. అలా ఆపేసి తెచ్చిన పిల్లల్ని నేను చూశాను. అందరూ తిరిగి ఇంటికి వెళ్ళలేదు. హిజ్కియా రాజు కన్నీళ్ళతో ప్రార్థిస్తే దేవుడు పదిహేనేళ్ళ ఆయుష్షు పెంచాడు. అదే అధ్యాయంలో యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి ఆయన పుండు మీద వేయించాడు. ప్రార్థనా, మందూ ఒకే పేజీలో ఉన్నాయి, 2 రాజులు 20. తల్లిదండ్రులు దయచేసి ఆ పేజీ చదవండి. మందు మాన్పించమని ఎవరైనా దేవుడి పేరిట చెబితే, వాళ్ళు ఎంత పేరున్నవాళ్ళైనా వినకండి.

చాలాకాలం అడిగేవాళ్ళు అలిసిపోతారు, అది నిజం. అమాలేకుతో యుద్ధంలో మోషే చేతులు బరువెక్కితే అహరోను, హూరు అటూ ఇటూ నిలబడి ఎత్తిపట్టుకున్నారు. 1727లో జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్ అనే ప్రొటెస్టెంట్ సంఘపు విశ్వాసులు ఇరవై నలుగురు పురుషులు, ఇరవై నలుగురు స్త్రీలు గంటల వంతులు వేసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. అది నూరేళ్ళకు పైగా సాగిందంటారు. ఒక్కరి మోకాళ్ళతో అయ్యే పని కాదది. మా పుస్తకం ఉన్నది కూడా అందుకే. తల్లి నోరు పెగలని వారం ఆమె కొడుకు పేరు ఇంకెవరో చదువుతారు.

సంపాదకుడు గారూ, మీ పత్రిక చదివే సంఘ కాపరులకు ఒక మనవి చేసి ముగిస్తాను. ఆరాధనలో సాక్ష్యాలకు సమయమిస్తారు. జవాబొచ్చినవాళ్ళు లేచి చెబుతారు, అందరం హల్లెలూయా అంటాం, అది ఉండాల్సిందే. ఆ సమయంలో రెండు నిమిషాలు జవాబు ఇంకా రానివాళ్ళకు కూడా ఇవ్వండి. "నేనింకా అడుగుతున్నాను" అని లేచి చెప్పనివ్వండి. ఏ పాపం అడ్డుపడుతోందో, విశ్వాసం ఎక్కడ చాలలేదో అప్పటికప్పుడు వాళ్ళకు వివరించకండి. వాళ్ళ పేరు రాసుకుని, కూర్చోమనండి.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సు, మీ పాఠకురాలు